నోరు మూసుకుని చేరాలా?

పెళ్ళిచూపుల్లో పిల్ల తలెత్తి, "మీ జీతమెంతండీ? మీ అమ్మగారికి కోపం ఎక్కువటగా?" అని అడిగిందనుకోండి. "అమ్మో, గడుసుపిండం!" అని ముక్కున వేలేసుకునే వాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. జన్మంతా కాపురం చెయ్యాల్సింది ఆ పిల్ల. ఏమీ అడక్కూడనిదీ ఆ పిల్లే! ఈ వింత న్యాయం మన ఒక్కళ్ళ సొత్తే అనుకునే వాళ్ళకి ఒక కబురు. అమెరికాలో నల్లజాతి ఆడపిల్ల కాలేజీలో అడుగుపెట్టాక తీసుకోవలసిన ఒక పెద్ద నిర్ణయం అచ్చం ఈ పెళ్ళిచూపుల్లాగే ఉంటుంది. సోరారిటీలో చేరడమా, మానడమా అన్నదే ఆ నిర్ణయం.

సోరారిటీ అంటే కాలేజీ ఆడపిల్లలు కట్టుకున్న అక్కచెల్లెళ్ళ సంఘం. మగపిల్లలదైతే ఫ్రెటర్నిటీ. గ్రీకు అక్షరాలతో పేర్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు, ఒక్కో గుర్తు, చేరేటప్పుడు తలుపులేసుకుని చేసే ప్రమాణం. నల్లజాతి వారు పెట్టుకున్న వాటిలో పేరుపడ్డవి తొమ్మిది. మగవారివి అయిదు, ఆడవారివి నాలుగు. మనం నవగ్రహాలన్నట్టు వాళ్ళు వీటిని 'డివైన్ నైన్' అంటారు. తెల్లపిల్లల సంఘాలు చాలామందికి చదువుతోనే సరి. ఇక్కడ అలా కాదు, చేరితే చచ్చేదాకా చేరినట్టే. డెబ్బై ఏళ్ళ మామ్మగారు కూడా తన సంఘం రంగు బట్టలు కట్టుకుని నెలనెలా మీటింగుకి వెళ్తుంది, చందా కడుతుంది. ఒక సంఘంలో చేరాక మిగతా మూడింటి గడపా తొక్కకూడదు. పాతివ్రత్యం అంటే ఇదే కాబోలు!

"మనకెందుకమ్మా వాళ్ళ గొడవ?" అంటారేమో. 2024లో కమలా హారిస్ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు మనం ఏం చేశామో గుర్తుందా? ఆవిడ తల్లి శ్యామలా గోపాలన్ 1958లో, పందొమ్మిదో ఏట, ఒంటరిగా బర్కిలీకి చదువుకి వెళ్ళిందని మురిసిపోయాం. కూతురికి ఇడ్లీ ఇష్టమని మరీ మురిసిపోయాం. కానీ ఆ కూతురు ఏరికోరి చేరింది వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో. నల్లజాతి వారి చదువుకి పేరుపడ్డ విద్యాలయం అది, 1867లో పుట్టింది. అక్కడ 1986లో పట్టా పుచ్చుకునే లోపు ఆవిడ ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే సోరారిటీలో చేరింది. ఇడ్లీ గురించి చెప్పుకున్నంతగా దీని గురించి మనవాళ్ళెవరూ చెప్పుకోలేదు. బైడెన్ 2024 జూలై 21న పోటీ నుంచి తప్పుకున్నాడా, 24వ తేదీకల్లా ఈవిడ ఇండియానాపొలిస్‌లో జీటా ఫై బీటా సోరారిటీ మహాసభలో మాట్లాడుతోంది. తన సంఘం కూడా కాదది, పక్కింటి వాళ్ళది! నవంబరులో ఓడిపోయింది, సరే. కానీ ఊపిరి సలపని ఆ మొదటి వారంలో ఆవిడ తట్టిన గడప అది. అంత బలమైన గడప దాటడం, దాటకపోవడం ఒక పిల్ల బతుకులో చిన్న విషయమా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ సంఘాలంటే నాకు గౌరవం. ఆ గౌరవం కొద్దీనే ఈ పోట్లాట.

అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళు కొందరు, "అందరితో కలిసిపోవచ్చుగా, ఇంకా ఈ వేరు కుంపట్లు ఎందుకు?" అని తేలిగ్గా అనేస్తూ ఉంటారు. అమెరికాలో మనవాళ్ళే పెట్టుకున్న తెలుగు సంఘాలు ఎన్నిసార్లు చీలాయో, ఏ గీత మీద చీలాయో ఒకసారి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని తర్వాత ఆ మాట అంటే బావుంటుంది. నల్లజాతి పిల్లలు సరదాకి వేరుపడలేదు. ఉన్న కుంపటి దగ్గరికి రానివ్వకపోతే వేరే కుంపటి వెలిగించుకున్నారు. న్యూయార్కు రాష్ట్రంలో కార్నెల్ అనే గొప్ప యూనివర్సిటీ ఉంది. అక్కడ 1904-05లో చదివిన నల్లజాతి విద్యార్థులు ఆరుగురు మరుసటి ఏడు తిరిగి రాలేదు. ఉండడానికి చోటు లేదు, కలిసి చదువుకునే తోడు లేదు. తర్వాత వచ్చినవాళ్ళు మనమైనా నిలబడదామని ఒకరి పుస్తకాలు ఒకరు పంచుకుని చదువుకునే జట్టు కట్టారు. అదే 1906 డిసెంబరు 4న ఆల్ఫా ఫై ఆల్ఫా అయింది. మార్టిన్ లూథర్ కింగ్ తర్వాతెప్పుడో చేరింది ఆ సంఘంలోనే.

ఆడపిల్లల కథ ఇంకా బావుంటుంది. 1908 జనవరి 15న హోవర్డ్‌లో ఎథెల్ హెడ్జ్‌మన్ అనే విద్యార్థిని, ఆమె స్నేహితురాళ్ళు కలిసి ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టారు. అయిదేళ్ళు తిరిగేసరికి అందులోని పిల్లలు ఇరవై ఇద్దరు, "ఇలా కూర్చుని కబుర్లు చెప్పుకుంటే చాలదు, లోకంలోకి వెళ్ళాలి" అని పట్టుబట్టి, విడిపోయి, 1913 జనవరి 13న డెల్టా సిగ్మా థీటా పెట్టుకున్నారు. పెట్టి రెండు నెలలు కాలేదు. మార్చి 3న వాషింగ్టన్ వీధుల్లో ఆడవాళ్ళకి ఓటు కావాలని పెద్ద ఊరేగింపు. అందులో నల్లజాతి ఆడవాళ్ళు కలిసి నడిస్తే దక్షిణాది తెల్ల దొరసానులు నొచ్చుకుంటారని, వెనకాల ఎక్కడో నడవమని ఊరేగింపు పెద్దల సణుగుడు. ఈ పిల్లలు లెక్కచెయ్యలేదు. జనం రాళ్ళలాంటి మాటలు విసురుతున్న వీధిలో బ్యానరు పట్టుకుని నడిచారు. కాలేజీ పిల్లలు! ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ఆ వయసు ఆడపిల్ల వీధి అరుగు మీదకి రావాలన్నా ఇంట్లో అందరినీ అడగాలి.

జీటా ఫై బీటా 1920లో హోవర్డ్‌లోనే పుట్టింది. సిగ్మా గామా రో 1922లో ఇండియానాపొలిస్‌లో ఏడుగురు బడిపంతులమ్మలు పెట్టారు. ముసుగులేసుకుని నల్లవాళ్ళని హింసించే కూ క్లక్స్ క్లాన్ ఆ రాష్ట్రాన్ని చేతిలో పెట్టుకున్న కాలం అది. పగలు పాఠాలు చెప్పి సాయంత్రం సంఘం పెట్టుకున్న ఆ పంతులమ్మల గుండె ధైర్యం ఎంతటిదో ఊహించుకోండి.

వీటన్నిటికంటే నా మనసుకి పట్టిన ముచ్చట మిసిసిపీది. 1935 ఎండాకాలంలో డాక్టర్ డొరొతీ ఫెరెబీ అనే ఆవిడ తన సోరారిటీ అక్కచెల్లెళ్ళని వెంటబెట్టుకుని మిసిసిపీ పత్తి భూముల్లోకి వెళ్ళింది. అక్కడి కౌలు కూలీల పిల్లలకి డాక్టరు మొహమే తెలియదు. వైద్యశాల పెట్టి రమ్మంటే భూస్వాములు కూలీలని కదలనివ్వరు. సరే, మీరు రాకపోతే మేమే వస్తామని, సొంత కార్లనే వైద్యశాలలు చేసుకుని చేల గట్ల మీదికి వెళ్ళారు. మశూచికి, డిఫ్తీరియాకి టీకాలు వేశారు. ఇలా 1942 దాకా ఏటా వేసవి సెలవుల్లో. వీళ్ళంతా ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళు. సెలవు దొరికితే పుట్టింటికి పోదామనుకునే నాలాంటి వాళ్ళకి కాస్త సిగ్గేస్తుంది కూడా.

అమెరికా పార్లమెంటుకి ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ, 1972లో అధ్యక్ష పదవికి పోటీపడిన షర్లీ చిజమ్ డెల్టా. నవలలు రాసుకునే దాన్ని కనక నాకు ఇంకో లెక్క కూడా ఉంది. జోరా నీల్ హర్‌స్టన్ జీటా. 1993లో నోబెల్ అందుకున్న టోనీ మోరిసన్ ఆల్ఫా కప్పా ఆల్ఫా.

మరి ఇంత ఘనమైన ఇంట్లోకి వెళ్ళాలనుకునే పిల్లకి మొదట నేర్పే పాఠం ఏమిటో తెలుసా? నోరెత్తకు!

దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'డిస్క్రిషన్'. మన భాషలో గుట్టు. నాకు ఫలానా సంఘంలో చేరాలని ఉంది అని పిల్ల బాహాటంగా అనకూడదు. ఆ సంఘం రంగులు కలిపి ఒంటిమీద వేసుకోకూడదు. గులాబీ రంగు గౌను మీద ఆకుపచ్చ చేతిసంచీ వేసుకుని క్లాసుకి వెళ్ళిందా, అక్కయ్యల కళ్ళు ఎర్రబడతాయి. సభ్యులతో పరిచయం పెంచుకోవాలి, కానీ పెంచుకుంటున్నట్టు కనపడకూడదు. సేవ చెయ్యాలి, మార్కులు తెచ్చుకోవాలి, సిఫార్సు ఉత్తరం సంపాదించాలి. ఇంత చేసీ ఎందుకు చేస్తున్నావంటే ఊరికే అన్నట్టు నవ్వాలి. స్నేహితురాలితో చెబితే ఆవిడ ఇంకొకరితో అంటుందని భయం. దరఖాస్తు పెట్టాక లోపల వోట్లు వేసుకుంటారు. వద్దంటే ఎందుకు వద్దన్నారో చెప్పరు.

ఈ గుట్టుని సమర్థించే పెద్దక్కలు ఒక మాట అంటారు. బజారులో చీరలు తిరగేసినట్టు సంఘాలని తిరగేస్తారా, కాస్త అణకువ ఉండద్దా అని. అణకువ మంచిదే. కానీ చీర కొనేటప్పుడు మనం కొంగు విప్పి చూస్తాం, అంచు చూస్తాం, రంగు పోతుందా అని అడుగుతాం. అదీ ఏడాదో రెండేళ్ళో కట్టే చీరకి! చచ్చేదాకా విడవని దానికి మాత్రం మడత విప్పకుండా డబ్బు కట్టాలిట. ఆ డబ్బూ తక్కువ కాదు, వందల డాలర్లు. కొన్నిచోట్ల వెయ్యి దాటుతుంది. ఆ పైన ఏటేటా చందా. స్కాలర్‌షిప్పు మీద చదివే పిల్ల ఎంతవుతుందని ముందే అడిగితే ఆశపోతు అన్న ముద్ర పడుతుందేమోనని దిగమింగుకుంటుంది. అడగందే అమ్మయినా పెట్టదని మనవాళ్ళు ఊరికే అన్నారా?

గుట్టు ఇంతటితో ఆగితే నాకు ఇంత ఒళ్ళు మండేది కాదు. అది చీకటిగదిలోకి కూడా వెళ్తుంది.

ఒకప్పుడు చేరబోయే పిల్లలని వారాల తరబడి వరసలో నిలబెట్టి, గొడ్డుచాకిరీ చేయించి, నిద్ర లేకుండా చేసి, కొట్టి 'తయారు' చేసేవాళ్ళు. మన కాలేజీ ర్యాగింగుకి మేనత్త కూతురు. 1990లో ఈ సంఘాలన్నీ ఆ పద్ధతిని రద్దుచేసి, దరఖాస్తు, ఇంటర్వ్యూ, కొద్దిరోజుల శిక్షణ చాలన్నాయి. కాగితం మీద ఆ రోజే పోయింది. కానీ జరిగిందేమిటి? రూలు ప్రకారం చేరిన పిల్లకి 'పేపర్' అని పేరు పెట్టారు. కాగితం పిల్ల! సంతకం పెట్టి వచ్చినదే కానీ దెబ్బలు తిని వచ్చినది కాదని హేళన. ఆ హేళన పడలేక పిల్లలు తామే, దొంగచాటుగా, అర్ధరాత్రి దెబ్బలకి సిద్ధపడడం మొదలైంది. అత్తగారు పెట్టిన ఆరళ్ళు పడ్డ కోడలే అసలు కోడలని చెప్పుకునే ఇళ్ళల్లో పెరిగిన మనకి ఈ తర్కం కొత్త కాదు.

2002 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ సముద్రతీరాన, సోరారిటీలో చేరాలనుకున్న ఇద్దరు యువతులు రాత్రివేళ నీళ్ళలో మునిగి చనిపోయారు. ర్యాగింగే ప్రాణాలు తీసిందని కుటుంబాలు కోర్టుకెక్కాయి. 2025 ఫిబ్రవరిలో లూయిజియానా రాష్ట్రం బాటన్ రూజ్‌లో, సదరన్ యూనివర్సిటీలో చదివే ఇరవై ఏళ్ళ కుర్రాడు ఫ్రెటర్నిటీలో చేరే తతంగంలో గుండెల మీద గుద్దులు తిని చనిపోయాడని పోలీసులు చెప్పారు. వాళ్ళు చెప్పిన ఇంకో సంగతి చదివినప్పుడు నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఆస్పత్రికి తీసుకువచ్చినవాళ్ళు, పార్కులో బాస్కెట్‌బాల్ ఆడుతుంటే దెబ్బ తగిలిందని చెప్పి వెళ్ళిపోయారట. ప్రాణం పోతున్న పిల్లాడి పక్కన నిలబడి కూడా గుట్టు! డాక్టరుకి కూడా నిజం చెప్పనివ్వని గుట్టు!

రహస్యం లేనిదే సంఘం ఎలా అంటారు. నాకు రహస్యాలంటే కోపం లేదు. గుట్టు లేకపోతే నా సీరియల్ నాలుగు వారాలు నడవదు. వాళ్ళు చెయ్యి కలిపే తీరు, చెప్పుకునే సంకేతం, చదివే ప్రమాణం శుభ్రంగా దాచుకోనివ్వండి. మన గురువులూ మంత్రాలు చెవిలోనే చెప్పారు. అలా చెవిలో చెప్పించుకున్న మంత్రాన్ని రామానుజులు గోపురం ఎక్కి ఊరందరికీ వినిపించాడని కథ. అంత చెయ్యమని నేననడం లేదు. మంత్రం దాచుకోండి. ఒంటిమీద వాతలు దాచమంటేనే నా పేచీ.

అసలు చిత్రమేమిటంటే, ఈ గుట్టు వాళ్ళ వ్యవస్థాపకులది కాదు. నోరు మూసుకు కూర్చునే రకమైతే ఆ ఇరవై ఇద్దరు పిల్లలు సంఘాన్నే నిలదీసి బయటికొచ్చేవాళ్ళా? వెనకాల నడవమంటే ముందుకొచ్చేవాళ్ళా? ఏటా వ్యవస్థాపకుల దినం రోజున వాళ్ళ పేర్లు కంఠతా అప్పజెప్పించుకుంటారు. అప్పజెప్పే పిల్లకి మాత్రం ఒక్క ప్రశ్న అడిగే హక్కు లేదు.

లోపాలు ఇంకా ఉన్నాయి, ఉన్నవి ఉన్నట్టే చెప్పాలి. వీళ్ళది ఉత్త డాబు, పార్టీల మోజు అని హోవర్డ్‌లోనే పాఠాలు చెప్పిన ఫ్రేజియర్ అనే సమాజశాస్త్ర పండితుడు 1957లో తన పుస్తకంలో దులిపేశాడు. ఒకప్పుడు ఒంటి రంగు గోధుమ కాగితపు సంచీ కంటే ముదురైతే రానిచ్చేవారు కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రంగుల తగవు మీదే స్పైక్ లీ 1988లో 'స్కూల్ డేజ్' అని సినిమా తీశాడు. పెళ్ళి ప్రకటనల్లో 'తెల్లని వధువు కావలెను' అని వేయించుకునే మనం దీని మీద ఎక్కువ మాట్లాడకపోవడం మంచిది. ఈమధ్య కొందరు, గ్రీకు దేవతల పేర్లతో ప్రమాణాలేమిటి, ఇది మా క్రైస్తవానికి పడదని సభ్యత్వం వదులుకుంటున్నారు. అది వాళ్ళ విశ్వాసం. కానీ ఆ ప్రమాణం ఎలా ఉంటుందో కాస్తయినా ముందే తెలిస్తే, చేరి పదేళ్ళయ్యాక మింగలేక కక్కలేక బాధపడే పని తప్పేది కదా. తిరిగి తిరిగి మళ్ళీ ఆ గుట్టు దగ్గరికే వచ్చామా లేదా?

అందుకని, రేపు చేరదామా వద్దా అని మంచం మీద దొర్లుతున్న ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల నన్ను అడిగితే (అడగదనుకోండి, ఎవరినీ అడక్కూడదని కదా రూలు!) నేను చేరమనే చెబుతాను. మీ కాలేజీలో నీలాంటి మొహాలు నాలుగే ఉంటే మరీ చేరమంటాను. కానీ తల్లీ, ముందు ఆ చాప్టరు వాళ్ళు పోయినేడు ఏం చేశారో చూడు. బడిపిల్లలకి చదువు చెప్పారా, వోటర్ల పేర్లు నమోదు చేయించారా, లేక ఫొటోలు దిగి పార్టీలు చేసుకున్నారా? ఎంత ఖర్చవుతుందో అంకెల్లో అడుగు. 2024 డిసెంబరులో మీ దేశంలో ఒక చట్టం వచ్చింది. ర్యాగింగు చేసినట్టు తేలిన సంఘాల వివరాలు కాలేజీలే బయటపెట్టాలి. ఆ కాగితం తీసి చదువు. మన తెలుగుదేశంలో ర్యాగింగుకి వ్యతిరేకంగా 1997లోనే చట్టం వచ్చింది. అయినా పిల్లలు చెప్పక, పెద్దలు అడక్క ఎంత జరిగిందో మాకు తెలుసు. చట్టం పుస్తకంలో ఉంటుంది, నోరు నీ దగ్గరుంటుంది. ఫలానా రోజు రాత్రి పదకొండింటికి రా, ఎక్కడికని ఎవరికీ చెప్పకు, అమ్మకి కూడా చెప్పకు అన్నారా, వెళ్ళకు. ఏ రంగు సంఘమైనా సరే, ఎంత పెద్దవాళ్ళు అందులో ఉన్నా సరే. 'పేపర్' అంటే అననీ. వాళ్ళ సొంత రూలు ప్రకారం చేరినదాన్ని వాళ్ళే వెక్కిరిస్తే సిగ్గుపడవలసింది ఎవరు?

ఈ ఏడు కాదన్నారని కుమిలిపోనూ అక్కర్లేదు. ఈ సంఘాలకి పట్టభద్రుల చాప్టర్లు వేరే ఉన్నాయి. చదువై, ఉద్యోగం వచ్చి, పిల్లలు పుట్టాక, నలభై దాటాక పిలుపు అందుకుని చేరినవాళ్ళు ఎందరో. ఆ వయసు ఆడదాన్ని ఎంతవుతుంది, ఏం చేస్తారు అని అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు. అర్ధరాత్రి పిలిచి గోడవైపు తిరిగి నిలబడమనే ధైర్యం అసలే చెయ్యరు. నలభై ఏళ్ళ ఆవిడకిచ్చే ఆ పాటి మర్యాద పందొమ్మిదేళ్ళ పిల్లకి ఎందుకు ఇవ్వరో ఆ పెద్దక్కలే చెప్పాలి. అదీ ఎవరి చెవిలోనో కాదు, నలుగురిలో.